పిట్ట ముందు, పటము తరువాత

పిట్టలను చూచి ముచ్చటపడని బాలుడుండడు. ఏట్రింత తనకంటె ఎన్నో రెట్లు పెద్దదైన గద్దను తరిమికొట్టుట, గిజిగాడు గడ్డిపోచలతో ఈతచెట్టుకు గూడు వ్రేలాడదీయుట, లకుముకిపిట్ట చెరువుగట్టు మీది తీగెపై కూర్చుండి ఒక్క ఉదుటున నీటిలో పడి చేపపిల్లతో పైకి లేచుట - ఇవి పల్లెటూరి బడికి నడచిపోవు ప్రతి విద్యార్థియు చూచిన దృశ్యములే. కాని చూచినంతలోనే అవి మాయమగును. మరల చూతమన్న దొరకవు. ఆ క్షణమును పోనీయక నిలిపి, పదిమందికి చూపవలెనను కోరిక మనిషికి సహజము.

వెనుకటి కాలములో ఈ కోరిక తీరుటకు పల్లెలలో మార్గములు రెండే: ఒకటి ఉండేలు, రెండవది ఉచ్చు. పిట్టను దగ్గరగా చూడవలెనన్న అది చచ్చియైన ఉండవలెను, పంజరములోనైన ఉండవలెను. స్వేచ్ఛగా బ్రతుకుచున్న పిట్టను, దాని చెట్టు మీదనే, దాని పనిలో అది ఉండగా దగ్గరగా చూచు భాగ్యము మనకు కెమేరా వలన కలిగినది. నేడు కెమేరా అపురూపమైన వస్తువు కాదు. సెల్‌ఫోను ఉన్న ప్రతివాని జేబులోను ఒక కెమేరా ఉన్నట్లే. ఆదివారము తెల్లవారకముందే చెరువుగట్లకు బయలుదేరి, మధ్యాహ్నమునకు తాము తీసిన పటములను మిత్రులకు పంచుకొను ఉద్యోగులు, వైద్యులు, ఉపాధ్యాయులు, విద్యార్థులు మన పట్టణములలో ఎందరో ఉన్నారు.

దీనిని తుపాకి లేని వేట అని కొందరు మెచ్చుకొనుచుందురు. మాట బాగున్నది. కాని ఈ వేటలో నిజముగా ఎవరికిని దెబ్బ తగులదా? నా సమాధానము పుస్తకములలోనుండి కాక నా అనుభవములోనుండి వచ్చినది. అది నాకు గౌరవము తెచ్చునట్టిది కాదు. అయినను దానిని తగినచోట చెప్పెదను. ముందుగా ఈ వ్యాసంగము ఎట్లు పుట్టినదో కొంత తెలిసికొందము.

తుపాకినుండి కెమేరాకు

పక్షిశాస్త్రము మొదట తుపాకి నీడలోనే పెరిగినది. మన ప్రాంతపు పక్షులను గూర్చి శాస్త్రీయముగా వ్రాసిన తొలివారిలో థామస్ జెర్డన్ ఒకడు. ఆయన మద్రాసు సైన్యములో వైద్యుడు. నెల్లూరులోను కొంతకాలము పనిచేసినాడు. 1862 - 64 సంవత్సరముల మధ్య వెలువడిన ఆయన గ్రంథము ‘బర్డ్స్ ఆఫ్ ఇండియా’లో అనేక పక్షులకు తెలుగు పేర్లు కూడ కనిపించును. ఆ కాలమున పక్షిని గుర్తించుటకు దానిని కొట్టి, చర్మమును ఆరబెట్టి, బల్లపై పెట్టి పోల్చిచూచుట తప్ప వేరు మార్గము లేదు.

ఇరువదవ శతాబ్దములోను చాలకాలము అదే పద్ధతి సాగినది. 1931 - 32లో హైదరాబాదు రాజ్యములోని పక్షులను పరిశీలించిన సలీం అలీ కూడ తుపాకితోనే నమూనాలను సేకరించినాడు. ఆయన పక్షిజీవితమే ఒక తుపాకిదెబ్బతో ప్రారంభమైనది. బాల్యములో తాను కొట్టిన పిచ్చుక గొంతుపై పసుపు మచ్చ కనిపించగా, అది ఏ పిట్టయో తెలిసికొనుటకై బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు పోయిన సంగతిని ఆయన 1985లో ప్రకటించిన స్వీయచరిత్రలో చెప్పుకొన్నాడు. ఆ గ్రంథమునకు పిచ్చుక పతనమనియే పేరు పెట్టినాడు.

తుపాకికి బదులు కెమేరాను నమ్మినవారిలో ఇంగ్లండులోని కీర్టన్ సోదరులు అగ్రగణ్యులు. రిచర్డ్, చెర్రీ అను ఈ అన్నదమ్ములు యార్క్‌షైరు కొండపల్లెలో పుట్టినవారు. 1892లో వారు గ్రుడ్లతోకూడిన ఒక పిట్టగూటిని పటము తీసినారు. 1895లో, ఆరుబయట తీసిన ఛాయాచిత్రములతోనే నిండిన పక్షిగూళ్ళ గ్రంథమును ప్రకటించినారు. నాటి కెమేరా నేటి కెమేరా వంటిది కాదు. అది బరువైన కొయ్యపెట్టె. పటము గాజుపలకపై పడవలెను. పిట్ట కొంచెము కదలినను పలక వ్యర్థమే. అందుకొరకు పిట్టకు అతి సమీపమున ఉండవలెను, పిట్ట చూడరాదు. అప్పుడు ఆ సోదరులు చేసిన పని వినుటకు వింతగా ఉండును. ఎద్దుచర్మమును చట్రముపై కప్పి, లోపల మనిషి పట్టునట్టి బొమ్మ ఎద్దును తయారుచేసి, అందులో దూరి కెమేరాతో పొలములో నిలిచినారు! పిట్టలకు ఎద్దన్న భయము లేదు. మన పొలములలో గేదె వీపుపై ఏట్రింత కూర్చుండుట చూచిన వారికి ఈ ఉపాయములోని తెలివి వెంటనే అర్థమగును.

మరియొక ఆంగ్లేయుడు ఎరిక్ హాస్కింగ్. 1937లో ఆయన ఒక గుడ్లగూబ గూటివద్ద రాత్రివేళ పటములు తీయుచుండగా, ఆ పక్షి చీకటిలో వచ్చి ముఖముపై తన్నినది. ఎడమ కన్ను పోయినది. అది గూటిని కాచుకొనుటలో ఆ పక్షి చేసిన పని. ఒంటికంటితోనే హాస్కింగ్ మరికొన్ని దశాబ్దులు పక్షులను పటములలో నిలిపి, ప్రపంచ ప్రఖ్యాతి పొందినాడు.

మన దేశమునకు సంబంధించినంతవరకు లోథర్ అనునాయన 1949లో ప్రకటించిన భారతీయ పక్షుల ఛాయాచిత్ర గ్రంథము పేర్కొనదగినది. సింగపూరులో సినిమా వ్యాపారము నడిపిన గొప్ప ధనవంతుడు లోక్ వాన్ థో యుద్ధకాలములో భారతదేశమునకు వచ్చి, సలీం అలీతో స్నేహము చేసి, ఆయనవెంట అడవులు, చిత్తడినేలలు తిరిగినాడు. ఒకే స్థలమునకు ఒకడు తెలిసికొనుటకు, ఒకడు పటము తీయుటకు జంటగా వెళ్ళిన యాత్రలవి. ఆయన గ్రంథము 1957లో వెలువడినది. 1964లో విమానప్రమాదమున మరణించినాడు.

చెన్నపట్టణములో ఎం. కృష్ణన్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడుండెను. 1912లో జన్మించి 1996లో కీర్తిశేషుడైన ఈయన, వేరువేరు కెమేరాల భాగములను తానే కూర్చి ఒక బరువైన కెమేరాను చేసికొని, దానికి ‘సూపర్ పాండరోసా’ అని హాస్యముగా పేరు పెట్టుకొన్నాడు. రంగుల ఫిల్ము వచ్చిన పిదప కూడ నలుపు తెలుపులలోనే పటములు తీసినాడు. 1950నుండి మరణపర్యంతము ఒక ఆంగ్లదినపత్రికలో ప్రకృతినిగూర్చి వ్యాసములు వ్రాసినాడు. ఖరీదైన పరికరము లేనిదే ఈ విద్య రాదని నిరుత్సాహపడువారు కృష్ణన్ కెమేరాను తలచుకొనవలెను.

పనిముట్లు, ఓపిక

ఈ వ్యాసంగమునకు కావలసినవి మూడు: దూరమునుండి చూపు కటకము, మంచి వెలుతురు, ఓపిక. మొదటిది కొనవచ్చును, రెండవదానికొరకు పెందలకడ లేవవలెను, మూడవది అభ్యాసమువలననే వచ్చును.

పక్షులకొరకు సాధారణముగా 400 మొదలు 600 మిల్లీమీటర్ల నాభ్యంతరముగల కటకములను వాడుచుందురు. అవి ఖరీదైనవి. విద్యార్థులు అంతవరకు పోనక్కరలేదు. బడికి ఒక బైనాక్యులరు ఉన్నచో, దాని కంటిగాజుకు సెల్‌ఫోనును ఆనించి, గుర్తించుటకు చాలినంత పటము తీయవచ్చును. చేయి వణకకుండుటకు గోడనో చెట్టునో ఆనుకొన్న చాలును.

సూర్యోదయమైన తరువాత రెండు గంటలు, అస్తమయమునకు ముందు రెండు గంటలు శ్రేష్ఠమైన వెలుతురు. మిట్టమధ్యాహ్నపు ఎండలో కొంగ తెలుపు సున్నపుగోడవలె కనిపించును. ఈకలలోని నీడలు తెలియవు. సూర్యుడు మన వెనుక ఉండవలెను. కొమ్మపై నిలుకడగా కూర్చున్న పిట్టకు సెకనులో 250వ వంతు కాలము చాలవచ్చును. ఎగురుచున్నదానికి 1000వ వంతో, 2000వ వంతో కావలెను. లేనిచో రెక్కలు పొగవలె చెదరిపోవును. పిట్ట కన్ను స్పష్టముగా ఉండవలెను. కన్ను మసకబారినచో మిగిలినది ఎంత బాగున్నను పటములో ప్రాణముండదు. నేలమీద మేయు పిట్టను నిలువెత్తునుండి తీసినచో వీపు మాత్రమే కనిపించును. బోర్లపండుకొని దాని కంటి ఎత్తుకు దిగినవానికే దాని లోకము కనిపించును. బట్టలకు బురద అంటునన్న భయముగలవారు ఇతర వ్యాసంగములు చూచుకొనవలెను.

ఓపికనుగూర్చి ఎంత చెప్పినను తక్కువే. తీతువు గట్టుపై కనిపించగానే పరుగెత్తినవానికి దాని అరుపు మాత్రమే దక్కును. ఒకచోట అరగంట కదలక కూర్చున్నవానివద్దకు ఆ తీతువే నడచి వచ్చును. మరియు, నూరు పటములు తీసినపుడు తొంబదియైదు పారవేయుటకు సిద్ధపడవలెను. ఇది చాల కష్టమైన పని. కాకిపిల్ల కాకికి ముద్దు కదా!

ఎక్కడికి పోవలెనను ప్రశ్నకు మన రాష్ట్రములలో సమాధానములు అనేకము. గుంటూరు సమీపమున ఉప్పలపాడు గ్రామపు చెరువులో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గుంపులుగా చెట్లపై గూళ్ళు కట్టును. తిరుపతి జిల్లా సూళ్ళూరుపేట ప్రాంతమున నేలపట్టు చెరువులో నీటికడప చెట్లపై వేలాది పక్షులు సంతానమును పెంచుకొనును. ఆ చేరువనే ఉన్న పులికాట్ సరస్సుకు చలికాలమున రాజహంసలు వచ్చును. శ్రీ సత్యసాయి జిల్లా వీరాపురములో ఎర్రకాళ్ళ కొంగలు ఊరి నడుమ చింతచెట్లపైననే కాపురముండును. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురము, కొల్లేటిలోని ఆటపాక, హైదరాబాదు చేరువ అమీన్‌పూర్ చెరువు కూడ ఇట్టివే. ఇట్టి తావులలోని పక్షులు మనుష్యుల రాకపోకలకు అలవాటుపడినవి. దూరమునుండి నిలుచుండి తీసినచో వాటికి మనవలన బాధ కలుగదు. ఒంటరిగా పొదలో దాగిన చిన్నపిట్ట గూటి సంగతి వేరు. నా అనుభవము దానిని గూర్చినదే.

గోరింట కంచెలో

సుమారు ఇరువది ఏండ్ల క్రిందట నేనొక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో పనిచేయుచున్నప్పటి మాట. బడి చుట్టును గోరింట కంచె ఉండెను. తొలకరి రోజులలో ఆ కంచెలో పిగిలిపిట్టల జంట గూడు కట్టుకొన్నది. ఎనిమిదవ తరగతి బాలుడొకడు దానిని ముందుగా కనిపెట్టి, ఎవరికిని చెప్పక, నా చెవిలో చెప్పినాడు. మేమిద్దరము వెళ్ళి చూచితిమి. కప్పులో సగమంత గూటిలో ఈకలైనను సరిగా రాని పిల్లలు మూడు నోళ్ళు తెరచుకొని ఉన్నవి.

అప్పుడు నావద్ద కొత్తగా కొన్న కెమేరా ఉండెను. కాని ఆకులు అడ్డము వచ్చుచున్నవి; వెలుతురు చాలదు. నేను రెండు కొమ్మలను వెనుకకు వంచి పురికొసతో కట్టినాను. అడ్డముగా ఉన్న చిన్న రెమ్మనొకదానిని విరిచినాను. తల్లిపిట్ట ముక్కున పురుగును పట్టుకొని ఎదుటి తీగెపై వాలినది. గూటివైపు వచ్చును, మరల వెనుకకు పోవును. అరగంట గడచిన తరువాత గాని ధైర్యము చేయలేదు. పటము మాత్రము అద్భుతముగా వచ్చినది: ఎఱ్ఱగా తెరచిన మూడు నోళ్ళు, వాటిపై వంగిన తల్లి, ఆ తల్లి నల్లని జుట్టుపై పడిన సాయంకాలపు ఎండ. ఇంతలో ఇంటిగంట మ్రోగినది. కొసను విప్పుట మరచినానని చాలకాలము నాకు నేను చెప్పుకొన్నాను. నిజమేమనగా, మరునాడు మరల తీయవచ్చునని విప్పలేదు.

మరునాటి ఉదయము గూడు ఖాళీగా ఉన్నది. ముందునాటి సాయంకాలము జెముడుకాకి కంచెలో తిరుగుట చూచినామని ఆడుకొను పిల్లలు చెప్పినారు. నాకు గూటిని చూపిన బాలుడు చాలసేపు ఏమియు మాటలాడలేదు. చివరకు ఒక్క ప్రశ్న అడిగినాడు.

“మనం కొమ్మలు కట్టేసినందుకేనా, మాస్టారూ?”

“కాదురా, పిట్టల బ్రతుకులో ఇలాంటివి మామూలే” అన్నాను. అది అబద్ధము కాదు. నిజమును కాదు.

ఆ పటము ఆ ఏడు ఒక ప్రదర్శనములో అందరి మెప్పును పొందినది. చూచినవారు మాతృవాత్సల్యమును ప్రశంసించినారు. ఆ పిల్లలు మరునాటికి లేవని వారికి తెలియదు. నాకు తెలియును. ఆ ప్రశ్న వేసిన బాలునికిని తెలియును. పొదలో దాగియున్న గూటికి ఆకులే తలుపు. నేను ఆ తలుపు తీసి వచ్చినాను. ఆ పటమును నేను మరల ఎవరికిని చూపలేదు.

తరువాత కొన్నాళ్ళకు మన వన్యప్రాణి సంరక్షణ చట్టమును చదువు అవకాశము కలిగినది. 1972నాటి ఆ చట్టములో వేట అను పదమునకు ఇచ్చిన అర్థమును చూచి నిర్ఘాంతపోయినాను. చంపుట, పట్టుట మాత్రమే కాక, అడవిపక్షుల గ్రుడ్లను పాడుచేయుట, గ్రుడ్లనుగాని గూళ్ళనుగాని కదలించి కలవరపెట్టుట కూడ వేటయేనని అందులో ఉన్నది. తుపాకి లేని వేట అని గర్వపడిన నేను చట్టము దృష్టిలో కేవలము వేటగాడనే!

ఇక్కడ ఒక సందేహము రావచ్చును. కీర్టన్ సోదరులు, హాస్కింగ్, లోథర్ - వీరందరును గూళ్ళవద్ద పటములు తీసినవారే కదా? నిజమే. నాటి కటకములకు దూరపుచూపు తక్కువ. నాటి పలకలు మందకొడివి. పిట్ట తప్పక తిరిగివచ్చు చోటు గూడొక్కటే కనుక అక్కడ కాచుకొనుట వారికి తప్పనిసరి అయినది. నేడు ఆ అవసరము తీరిపోయినది. కటకము పెరిగినది, వేగము పెరిగినది. అవసరము పోయిన తరువాత మిగిలిన అలవాటును దురలవాటు అనుటయే న్యాయము. గూటి పటములను స్వీకరించమని చెప్పు పత్రికలు, పోటీలు నేడు కొన్ని ఉన్నవి. అది శుభసూచకము.

గూడు ఒక్కటే కాదు. గుడ్లగూబ కన్నులలోనికి రాత్రివేళ మెరపుదీపమును కొట్టుట, మగపిట్ట కూతను సెల్‌ఫోనులో మరల మరల వినిపించి, తన హద్దులోనికి శత్రువు వచ్చినాడని దానిని భ్రమింపజేసి రప్పించుట, ఎరవేసి డేగను దింపుట, ఎగురు పటము కొరకు గుంపుపై రాయి విసరుట - ఇవన్నియు ఒకే కోవకు చెందినవి. వీటన్నిటికి ఒకే కొలత చాలును: మనము రాకముందు పిట్ట ఏమి చేయుచుండెనో, మనము వచ్చిన తరువాతను అదియే చేయుచున్నదా? మేత మాని తలయెత్తినచో మనము దగ్గరకు వచ్చినట్లు. పురుగును నోట పట్టుకొని గూటికి పోలేక తిరుగుచున్నచో మనము చాల దగ్గరకు వచ్చినట్లు.

పంచుకొనుటలోని బాధ్యత

తీసిన పటమును పదిమందికి చూపుటలో తప్పులేదు. అదియే ఈ వ్యాసంగములోని సగము ఆనందము. కాని పటము మెప్పుకొరకు మాత్రమే కాదు. అది సాక్ష్యము. 1911లో ఇంగ్లండులోని నార్ఫోక్ చిత్తడినేలలలో ఎమ్మా టర్నర్ అను మహిళ రెల్లుపొదల మధ్య దాగియుండు ఒకజాతి కొంగపిల్లను పటము తీసినది. పందొమ్మిదవ శతాబ్దము చివరనుండి ఆ జాతి ఆ దేశములో పిల్లలను చేయుట మానినదని అందరును అనుకొనుచుండిరి. ఆ జాతి మరల వచ్చి కాపురము పెట్టినదనుటకు ఆమె పటమే సాక్ష్యమైనది.

మన కడప జిల్లా కలివికోడి కథ ఇంతకంటె ఆశ్చర్యకరమైనది. జెర్డన్ మొదట శాస్త్రలోకమునకు తెలిపిన ఈ పక్షి 1900 తరువాత ఎవరికిని కనిపించలేదు. అంతరించినదనియే తలచినారు. 1986లో లంకమల కొండల దిగువ పొదలలో అది మరల కనిపించినది. దానిని చూపినది శాస్త్రజ్ఞుల గ్రంథములు కాదు. ఆ నేలను ఎరిగిన స్థానికులు. అయితే అప్పుడు చేతికి చిక్కిన పిట్ట బ్రతుకలేదు. రాత్రిపూట తిరుగు ఈ పక్షిని పట్టకుండ, భయపెట్టకుండ దాని ఉనికి తెలిసికొనుట ఎట్లు? పరిశోధకులు పొదల నడుమ మెత్తని మట్టిని బాటలుగా పరచి, దానిపై పడిన అడుగుజాడలను పరిశీలించినారు. ఆ ప్రక్కనే, ఏ ప్రాణియైన అడ్డము వచ్చినపుడు తనంతట తానే పటము తీయు కెమేరాలను అమర్చినారు. ఏ అడుగు ఏ పిట్టదో కెమేరా తేల్చినది. ఈ పద్ధతిని వివరించిన పరిశోధన 2002లో ప్రకటితమైనది. 2005లో తెలుగుగంగ కాలువ పనులు ఆ పొదలవైపు వచ్చినపుడు ఈ సాక్ష్యములు అక్కరకు వచ్చినవి. తరువాత కాలువ త్రోవను మార్చినారు. చీకటిలో తనంతట తాను తీసికొన్న పటమును ఎవరును ప్రదర్శనమునకు పంపరు. కాని పటము చేయగల పనులలో అంతకు మించినది ఏమున్నది?

అపురూపమైన పిట్టలకే ఈ విలువ అనుకొనరాదు. ప్రతిదినము కనిపించు పిట్టలనుగూర్చి కూడ లెక్క కావలెను. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయపు పక్షి పరిశోధనశాల 2002లో ప్రారంభించిన ‘ఈబర్డ్’ అను లెక్కల భాండారములో నేడు మన దేశస్థులు వేలమంది తాము చూచిన పిట్టల వివరములను, పటములను చేర్చుచున్నారు. భారతీయ పక్షుల స్థితినిగూర్చి 2023లో వెలువడిన నివేదిక సుమారు 30 వేలమంది సేకరించిన 3 కోట్లకు పైగా వివరములపై ఆధారపడి, 942 జాతులను పరిశీలించినది. వీరిలో అధికులు శాస్త్రజ్ఞులు కారు, మనవంటివారే. ఆ నివేదిక క్షీణించుచున్న జాతులలో మన పాలపిట్టను కూడ పేర్కొన్నది. దసరానాడు చూడ శుభమని తెలంగాణములో ఇంటిల్లిపాదియు పొలిమేరకు పోయి చూచు పిట్ట! ఆ శుభమును సులభముగా అమ్ముటకై దానిని పట్టి పంజరములో పెట్టి త్రిప్పువారును ఉన్నారు. పంజరములోని పాలపిట్టను పటము తీసి పంచినవాడు ఆ వ్యాపారమునకు తెలియకయే తోడ్పడుచున్నాడు. పొలములోని తీగెపై స్వేచ్ఛగా కూర్చున్నదానిని చిన్నదిగానైనను తీసి, తేదీ వ్రాసి ఉంచినవాడు పాలపిట్టకును, శాస్త్రమునకును మేలు చేసినవాడగును.

కావున పటము క్రింద ఏమి వ్రాయవలెననునది ముఖ్యము. తేదీ, వేళ, ఊరు, చెట్టో చెరువో పొలమో అను వివరము, పిట్ట చేయుచున్న పని - ఈ ఐదును ఉండవలెను. పేరు తెలియనిచో తెలియదని వ్రాయుట గౌరవమే. పటములోని రంగులను పెంచి, లేని కొమ్మను చేర్చి, ఉన్న తీగెను తుడిచి, ఉన్నది ఉన్నట్లుగా చెప్పుట అసత్యము. అయితే ఒక్కచోట మాత్రము వివరమును దాచవలెను. గుడ్లగూబ నివాసము, అరుదైన పిట్ట తావు - ఇవి పదిమందికి తెలిసినచో మరునాటికి అక్కడ పదిమంది కెమేరాలతో నిలుతురు. వారివెనుక ఉచ్చులవాడును రావచ్చును. ఈబర్డ్ కూడ అట్టి జాతుల విషయములో చూచిన స్థలమును లోకమునకు చూపదు. సత్యము చెప్పుట ఎంత ధర్మమో, నమ్మి కనిపించిన ప్రాణి ఇల్లు చెప్పకుండుటయు అంత ధర్మము.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. ప్రతి పాఠశాలలోను ఒక పిట్టల పుస్తకము ఉంచవచ్చును. పటము ఉన్నవారు పటమును, లేనివారు చేతితో గీసిన బొమ్మను అందులో అంటింపవచ్చును. రెండును లేనివారు చూచినది నాలుగు పంక్తులు వ్రాయవచ్చును. పదేండ్లు గడచిన పిమ్మట ఆ ఊరి పిట్టల చరిత్ర ఆ పుస్తకములో ఉండును. దానికి ఖర్చు ఒక నోటుపుస్తకము ఖరీదు.

మా పాఠశాలలో అట్టి పుస్తకము ఆ గోరింట కంచె సంఘటన జరిగిన ఏటనే మొదలైనది. మరుసటి తొలకరికి ఆ కంచెలోనే, కొంచెము ఎడముగా, పిగిలిపిట్టలు మరల గూడు కట్టినవి. ఆ బాలుడే మరల చూచినాడు. ఈసారి నా చెవిలో చెప్పలేదు. తరగతి అంతటికి చెప్పి, ఆ వైపు ఎవరును పోరాదని కట్టడి చేసినాడు. నేనును పోలేదు. మూడు వారములు దాటిన తరువాత ఒకనాటి ఉదయము, లెక్కల పాఠము మధ్యలో, “మాస్టారూ!” అని కిటికీవైపు చూపినాడు. కంచెపైన తోక ఇంకను సరిగా రాని పిల్లలు రెండు ప్రక్కప్రక్కనే కూర్చున్నవి. తల్లి వాటి నోటికి ఏదో అందించుచున్నది.

కిటికీనుండియే ఒక పటము తీసినాను. అందులో పిట్టలు పెసరగింజలంత ఉన్నవి. కిటికీ ఊచ ఒకటి అడ్డముగా పడినది. ఏ ప్రదర్శనమునకును అది పనికిరాదు. ఆ బాలుడు దానిని పిట్టల పుస్తకములో అంటించి, క్రింద తేదీ వేసి, “పిల్లలు ఎగిరినవి” అని వ్రాసినాడు. నేను తీసిన పటములలో ఇతరులకు నిస్సంకోచముగా చూపగలది నాకు నేటికిని అదియే.